మోటర్ల లెక్క

ఎనబైల మొదట్ల నాకు జనగామ కాలేజీల లెక్కలు చెప్పే ఉద్యోగం దొరికింది. మాది జఫర్‌గఢ్ దిక్కు ఊరు. శనివారం క్లాసులు కాంగనె రైలెక్కి స్టేషన్ ఘన్‌పూర్‌ల దిగి, అక్కడ బస్సు పట్టుకొని ఇల్లు జేరేదాన్ని.

నా చదువంత మా బాపు పట్టుదలే. అరవై తొమ్మిదిల తెలంగాణ కొట్లాట నడిచినప్పుడు బడులు మూతపడితే, ఆడపిల్లకు ఇంక చదువెందుకని ఇంట్ల అందరు అన్నరు. బాపు మాత్రం పొద్దుగాల అరుగు మీద కూసోబెట్టి భిన్నాలు చెప్పిండు. ఊర్లె ఆయనను పటేలా అని పిలిచేది. పొలాల గెట్టు పంచాయితీలు మా అరుగు మీదనే తెగేటివి. బాపు ఎవరి దిక్కు మొగ్గడని ఊరంత నమ్మేది. అందరికంటె ఎక్కువ నేను నమ్మిన.

ఆ ఏడు యాసంగిల కరెంటు తిప్పలు మొదలైనయి. ఒక్క ట్రాన్స్‌ఫార్మర్ మీద పన్నెండు బావులు. కరెంటు వచ్చేదే కొన్ని గంటలు. వచ్చిందంటె చాలు, అందరు ఒక్కసారే మోటర్లు వేసేది. లైను చివర బావి ఉన్న అవ్వ ఒకనాడు బస్సు దిగంగనె నన్ను పట్టుకుంది. మొగడు పోయినంక రెండెకరాలు ఒక్కతే చేసుకుంటున్న మనిషి.

"బిడ్డా, నా మోటరు మూలుగుతది గని నీళ్లు పొయ్యది. నాటేసిన మడి నెర్రెలు వడ్తుంది. మీ బాపుకు జర చెప్పరాదు?"

అప్పుడు నేను పిల్లలకు గీతలు గీసి చూపిస్తున్న. ఒకటి పెంచుకుంట పోతె ఇంకొకటి ఎంతవరకు పెరుగుతది, ఎక్కడి నుంచి పడిపోతదనే పాఠం. గిదే లెక్క మోటర్లకు ఎందుకు వేయొద్దు అనిపించింది. ఫిజిక్స్ చెప్పే సారును అడిగి వోల్టు మీటరు తెచ్చుకున్న. బాపు అందరికి చెప్పిండు. ఒక ఆదివారం పొద్దుగాల ఎవరి మోటరు కాడ వాళ్లు నిలబడ్డరు. నేను తువ్వాల ఊపినప్పుడల్ల ఒక్కొక్క మోటరు వేసేది. వేసినప్పుడల్ల వోల్టేజీ ఎంత పడింది, పైపు కింద డ్రమ్ము నిండనీకి ఎంత సేపు పట్టింది చూసి రాసుకున్న.

రెండు ఆదివారాలు గట్లనే కొలిచి, వాటిని ఒక సూత్రంల కూర్చిన. లోపలికి వేసేది ఎన్ని మోటర్లని, బయటికి వచ్చేది మొత్తం ఎన్ని నీళ్లని. ఆరు మోటర్ల దాక గీత పైకి పోయింది. ఆరు దాటినంక కిందికి జారుడు వట్టింది. పన్నెండూ కలిసి పోసే నీళ్లకంటె ఆరు పోసేటివే ఎక్కువ. నాకే నమ్మబుద్ధి కాలె. ఇంకోసారి వేసి చూసుకున్న. అదే వచ్చింది.

మా అరుగు మీద సుద్దముక్కతోని ఆ గీత గీసి అందరికి చెప్పిన. ఒకాయన నవ్విండు. "సగం మోటర్లు బందు వెడితె ఎక్కువ నీళ్లా? గిదేం లెక్కనమ్మా?"

బాపు కండువ సదురుకొని లేసి నిలబడ్డడు. "నా బిడ్డ వేసిన లెక్క. తప్పుతదని ఎవరన్న అనుకుంటున్నరా? ఇయ్యాల్టి సంది రెండు జట్లు. ఒక జట్టు మోటర్లు నడుస్తుంటె ఇంకో జట్టు ముట్టుకోవద్దు. నా మోటరు కూడ అంతే."

ఎవరు ఎదురు చెప్పలె. నడిచింది కూడా. ఏ పూట ఎంత వోల్టేజీ ఉంటదని నేను ముందుగాల చెప్పిన్నో, మీటరు అక్కడనే నిలబడ్డది. అవ్వ మడిల నీళ్లు నిండినయి. బస్సుల నన్ను చూస్తె ఊరోళ్లు జరిగి జాగ ఇచ్చేది. నాకు ఎంత గర్వమయిందంటె, కాలేజీల నల్లబల్ల మీద మా ఊరి గీతనే గీసి పిల్లలకు చెప్పిన.

వరి పొట్టకొచ్చే యాల్లకు అవ్వ మోటరు మళ్ల మూలుగుడు వట్టింది. ఒక వారం నేను పోయేసరికి కాలిపోనే పోయింది. లెక్కల తప్పు ఉందేమోనని భయమయింది. అవ్వ జట్టు పూటల మీటరు పెట్టి చూసిన. అవ్వది కాలిపోయింది గనక అయిదే నడవాలె. వోల్టేజీ చూస్తె ఏడు నడుస్తున్నట్టు ఉంది. గీత అబద్ధం చెప్తుందా, మనుషులు చెప్తున్నరా తెల్వక, లైను పట్టుకొని నడుసుకుంట పోయిన.

మా మామిడితోట బావి కాడ తాటికమ్మల కింద కొత్త మోటరు నడుస్తుంది. దాని పక్క పొలంల మా పాత మోటరు కూడా నడుస్తుంది. ఆ పూట మా జట్టుది కాదు.

కాలువ మలుపుతున్న జీతగాడు నన్ను చూసి పార కింద పెట్టిండు. "పటేలే వెయ్యమన్నడమ్మా. నన్నేం అనకు."

ఇంటికొచ్చేసరికి బాపు బువ్వ తింటున్నడు. అడగనీకి నాకే సిగ్గయింది. "బాపు, తోటల మోటరు..." అన్న.

"మొక్కలు ఎండుతున్నయి. మనది నడిస్తె ఏం మునుగుతది?"

"అవ్వ మోటరు కాలింది గద."

"అది పాతది. ఇయ్యాల కాకుంటె రేపు కాలేదే." పళ్లెంల చెయ్యి కడుక్కొని లేసిపోయిండు.

మరునాడు అందరు మా అరుగు మీదికి వచ్చిన్రు. అవ్వ కింద మెట్టు మీద కూసుంది. లెక్క తప్పిందని ఒకరు, మొదలే అనుకున్నమని ఇంకొకరు. బాపు అన్ని విని, నిమ్మళంగ అన్నడు, "కాలేజీ లెక్క వేరు, కరెంటు లెక్క వేరు. చిన్నపిల్ల, మంచికనే చేసింది. దాన్ని ఏం అనకుండ్రి."

నన్ను మాఫ్ చేయమని ఊరిని బతిమిలాడుతున్నడు. ఆయన మొఖంల ప్రేమనే ఉంది. అది చూసి తట్టుకోలేక పోయిన.

"లెక్క తప్పలే," అన్న. "ఆ పూట ఇంకో రెండు మోటర్లు నడుస్తున్నయి."

"ఎవరియి?" అని ముగ్గురు నలుగురు ఒక్కసారే అడిగిన్రు.

"మావి."

వెనుక ఎవరో చిన్నగ నవ్విన్రు. బాపు నా దిక్కు చూడలె. చెప్పులు తొడుక్కొని, అరుగు దిగి, అందరి నడుమ నుంచి బజార్లకు పోయిండు. ఆయన కోసం జరిగి తొవ్వ ఇచ్చెటోళ్లు ఆనాడు జరగలె. పక్కకు తిరిగి తిరిగి ఎళ్లిపోయిండు. బాపు చేసిన పనికి సిగ్గు, ఆయనను నలుగుర్ల నిలవెట్టినందుకు సిగ్గు. ఏది ఏదో నాకు తేలలె. తల ఎత్తితె అవ్వ కూడ లేదు.

అంతటితోని జట్లు పోయినయి. "పటేలే ఆగకుంటె మేమెందుకు ఆగాలె?" అన్నరు. కరెంటు రాంగనె అందరు మోటర్లు వేసిన్రు. నేను గీసిన గీత కింద కొస ఎట్లుంటదో ఊరంత చూసింది. బాపు ఎవరికి చెప్పకుంట అవ్వ మోటరు ఎత్తుకపోయి స్టేషన్ ఘన్‌పూర్‌ల వైండింగ్ చేయించి తెచ్చి బిగిపిచ్చిండు. అప్పటికే ఆమె వరి తెల్లగ ఎండింది.

స్టేషన్‌ల అవ్వ ఒకసారి కనవడ్డది, మూట నెత్తిన పెట్టుకొని. మహబూబాబాద్ దిక్కు మిరపకాయ ఏరనీకి పోతున్న అంది.

"నా మీద కోపమా అవ్వా?" అని అడిగిన.

"నీ మీద ఎందుకు బిడ్డా? గని నువ్వు చెప్పినకాంచి పటేలు నాతోని మాట్లాడుతలేడు. రేపు గెట్టు పంచాయితొస్తె నేను ఎవరి కాడికి పోవాలె?"

రైలు వస్తె ఆమె ఎక్కి అటు పోయింది, నేను బస్సు దిక్కు ఇటు.

మరుసటేడు కాలేజీల ఆ గీతల పాఠం వచ్చినప్పుడు ఎరువుల గురించి, బస్సుల గురించి చెప్పిన గని బావుల ముచ్చట ఎత్తలె. ఒక పిల్ల అడిగింది, "మేడమ్, పోయినేడు మీ ఊరి మోటర్లని చెప్పిన్రట గద, మాకు చెప్పరా?" టైమైందని బయటికి వచ్చిన.

మళ్ల యాసంగి వచ్చింది. బాపు నాతోని అవసరం ఉన్న కాడికే మాట్లాడుతున్నడు. ఒక శనివారం నేను బ్యాగు కింద పెట్టకముందే, గోడ దిక్కు చూసుకుంట అన్నడు, "మళ్ల జట్లు చేయాలె. రేపు పొద్దుగాల అందరి కాడికి పోదాం. నువ్వు లెక్క చెప్పు, నేను అడుగుత."

పోయినం. ఒక్కొక్క బావి కాడ బాపు ముందు నిలబడి, "జర నా మాట వినుండ్రి. పోయినేడు తప్పు నాదే," అన్నడు. బాపు గొంతు అంత కిందికి పోంగ నేను ఎన్నడు వినలె. ఒకాయన బీడి ముట్టిచ్చుకుంట, "చూద్దాం తియ్యి పటేలా," అని మొఖం తిప్పుకున్నడు. నేను బాపు ఎనుక నిలబడి నేల చూసిన. లెక్క చెప్పుమంటె అంత తడబడుకుంట చెప్పిన.

ఆ ఏడు సగం మందే మాట మీద నిలబడ్డరు. అవ్వ ఒక్క ఎకరమే నాటేసింది, అది పండింది. బాపు తోట మోటరు పీకి కొట్టంల పడేసిండు. దాని గురించి మేమిద్దరం మళ్ల ఎన్నడు మాట్లాడుకోలె.