తోలు లోపలి వైపు

"నీ గొర్లను నా కుక్కలు చంపినయని ఎవరు చూసిండ్రు? గొంతుల మీద కత్తి గాటున్నది. నిన్న అవసరానికి కోసిన అని ఊరందరికీ చెప్పి కూర పోగులు పెట్టి అమ్మినవు. ఇయ్యాల దవాఖానకొచ్చి నా మీద పడ్తున్నవా?"

"సచ్చేదాన్నే కోసిన పటేలా. కత్తి పెట్టకుంటే పారేసుడే. కుక్కలు కరిచినయని చెప్తే ఎవడు కొంటడు?"

"అంటే ఊరికి అబద్ధం చెప్పినవు. ఊరికి చెప్పినోనివి డాక్టరమ్మకు చెప్పవా?"

ఈ మాటలు మా పశువుల దవాఖాన వరండాలో జరిగాయి. గట్టిగా మాట్లాడుతున్నది మామిడి తోట యజమాని మాధవ్ పటేలు. తల వంచుకుని జవాబు చెబుతున్నది గొర్రెల కాపరి బాలయ్య. పటేలు తోటను ఆనుకునే బాలయ్యకు రెండెకరాల మెట్ట చెలక ఉంది. అందులోనే అతని మంద దొడ్డి. ఇద్దరి మధ్య బల్ల వెనక మా డాక్టరు మేడం కూర్చుంది. గుమ్మం పక్కన స్టూలు మీద నేను, అటెండరు అంజమ్మను.

ఇది రెండేళ్ళ కిందటి మాఘమాసం మాట. నేను ఉప్పునుంతల వైపు నుంచి బదిలీ మీద కొత్తకోట అవతలి ఈ ఊరికి వచ్చి అప్పటికి ఏడాది. నా రిటైర్మెంటుకు ఇంకా పద్నాలుగు నెలలుంది. నా భర్త ఇదే శాఖలో పనిచేస్తూ పోయాడు. ఆయన బదులు నన్ను తీసుకున్నారు. నా చదువు ఏడో తరగతి, అది కూడా ఉద్యోగం కోసం ప్రైవేటుగా కట్టి పాసైంది.

పశువుల దవాఖానలో పైన డాక్టరు, ఆమె కింద కాంపౌండరు, ఆయన కింద అటెండరు. ఊడ్చేది, ఎద్దును బోనులోకి ఎక్కించి తాళ్ళు బిగించేది, సూదులు ఉడకబెట్టేది అటెండరు. పోస్టుమార్టం అంటే డాక్టరు కోస్తుందని చాలామంది అనుకుంటారు. చూసి రాసేది డాక్టరు. తోలు ఒలిచేది, కడుపు తెరిచేది మేము. ఇరవై ఆరేళ్ళలో నేను ఎన్ని జీవాల తోళ్ళు ఒలిచానో లెక్క పెట్టలేదు.

జరిగింది ఇది. ముందు రోజు తెల్లవారుజామున పటేలు తోటలోని మూడు కుక్కలు కంచె సందులోంచి దూరి బాలయ్య దొడ్డిలో పడ్డాయి. బాలయ్య భార్య ఈదమ్మ కట్టె పట్టుకుని పరుగెత్తేసరికి ఐదు గొర్రెలు నేల మీద పడి కొట్టుకుంటున్నాయి. వాటిలో మూడు చూడివి. కొన ఊపిరితో ఉన్న జీవం మెడ మీద కత్తి పెట్టడం మా పాలమూరు కాపరులకు పుట్టుకతో వచ్చిన పని. కత్తి పడితే అది మాంసం, పడకపోతే శవం. బాలయ్య ఐదింటినీ కోశాడు. కుక్క కాటు సంగతి చెబితే ఒక్క పోగూ పోదని, ఇంటి అవసరానికి కోశానని చెప్పి అమ్ముకున్నాడు. నోరు మూసుకొమ్మని ఈదమ్మకు కూడా చెప్పాడు.

ఆమె ఒక్క రోజే మూసుకుంది. మర్నాడు మొగుణ్ణి ముందు పెట్టుకుని దవాఖానకు వచ్చింది. వాళ్ళు అడిగింది పైసలు కాదు. కుక్కలను కట్టేయించమన్నారు. మందలో ఇంకా నలభై దాకా ఉన్నాయి, సగం ఈనడానికి దగ్గరగా ఉన్నాయి. కుక్కలు రక్తం రుచి మరిగాక రోజూ వస్తాయి. కట్టేయకపోతే మంద అమ్ముకుని బిల్డింగు పనులకు పోవడమే తప్ప ఇంకో దారి లేదని ఈదమ్మ చెప్పింది. ఆమె అన్న ఇరవై ఏళ్ళ కిందట అలాగే మంద అమ్ముకుని పోయాడు. మళ్ళీ మంద కట్టలేదు.

పంచాయతీ వాళ్ళు కుక్కలను కట్టేయమని నోటీసు ఇవ్వాలంటే దవాఖాన నుంచి కాగితం కావాలి. కుక్క కాటు వల్లనే చచ్చాయని డాక్టరు రాయాలి. చూడటానికి శవం లేదు. మేడం అదే మాట మెత్తగా చెప్పింది. గొంతు కోసి అమ్మేసిన జీవం మీద తను ఏమని రాయగలదని అడిగింది. ఆమెది తప్పు కాదు. ఉద్యోగంలో చేరి ఏడాదిన్నర, చూడనిది రాయకూడదని నేర్చుకుని వచ్చిన పిల్ల.

పటేలు లేచి కండువా దులుపుకున్నాడు. అప్పుడు నాకు ముందు రోజు నా వంటింట్లో సంగతి గుర్తొచ్చింది. బాలయ్య పోగుల్లో ఒకటి నేనూ కొన్నాను. బజారు కంటే చౌక అని తొడ ముక్క ఏరి తెచ్చుకున్నాను. కత్తిపీట మీద కోస్తుంటే లోపల పిడికెడంత నల్ల రక్తం గడ్డ కట్టి ఉంది. కోసి పారేశాను. పోగులో మోసం చేశాడని బాలయ్యను కాసేపు తిట్టుకున్నాను కూడా. గొంతు కోసిన గొర్రెకు తొడలో రక్తం గడ్డ కట్టదు. రక్తమంతా కోతలోంచి పోతుంది. బతికుండగా దెబ్బ తగిలిన చోటే అలా గడ్డ కడుతుంది.

స్టూలు మీంచి లేచాను. "పటేలా, జర ఆగు. బాలయ్యా, తోళ్ళు ఏం జేసినవు?"

నిన్న మధ్యాహ్నమే కొత్తకోటలో తోళ్ళు కొనే సాయిబుకు వేశానన్నాడు.

"నువ్వెందుకు నడుమల?" అన్నాడు పటేలు. "నీ పని ఊడ్చుడు."

"ఊడ్సుడు అయిపోయింది. ఒల్సుడు కూడ నా పనే."

మేడం వైపు తిరిగి ఉన్న సంగతి చెప్పాను. గొంతు మీది కోత సంగతి వదిలేసి, వెనక కాళ్ళ తోలు లోపలి వైపు చూడమన్నాను. తోళ్ళు తెస్తే చూస్తానంది. సాయంత్రం నాలుగున్నరకు పటేలును మళ్ళీ రమ్మంది. నేను ఒక పూట సెలవు రాసిచ్చి బస్సెక్కాను.

కొత్తకోటలో బస్టాండు నుంచి తోళ్ళ గోదాముకు ఆటో ఎక్కాల్సినంత దూరం లేదు. హైవే పక్కన మెకానిక్ షెడ్లు దాటుకుంటూ నడిచాను. సాయిబు నాకు తెలిసినవాడే, ఎద్దుకు సూది వేయించడానికి రెండు సార్లు వచ్చాడు. తోళ్ళకు ఉప్పు పట్టించి దొంతర పెట్టాడు. రెండు రోజుల్లో లారీ వస్తుందన్నాడు. బాలయ్య మందకు నడుము మీద రెండు నీలం పట్టీలు గుర్తు. దొంతరలోంచి ఐదూ దొరికాయి.

కొన్న సరుకు ఊరికే ఇవ్వనన్నాడు. మర్నాటికి తిరిగి తెస్తానని నా గుర్తింపు కార్డు ఆయన చేతిలో పెట్టాను.

"గిదేం చేసుకోను అంజమ్మా?"

"నేను రాకుంటే దవాఖానకొచ్చి ఊడ్సు," అన్నాను. నవ్వి గోనెసంచి ఇచ్చాడు.

తిరుగు బస్సులో కండక్టరు ముక్కు మూసుకున్నాడు. మా బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్టు లేదు గానీ ఆ మూటను మాత్రం బస్సులోకి రానివ్వనన్నాడు. మూటకు టికెట్టు కొట్టమన్నాను. కొట్టాడు. చివరి సీట్లో కాళ్ళ కింద పెట్టుకుని వచ్చాను. పక్కన ఎవరూ కూర్చోలేదు, కాళ్ళు చాపుకునే వీలు దొరికింది.

నాలుగున్నరకు వరండాలో ఐదు తోళ్ళూ ఉన్ని కిందికి, లోపలి వైపు పైకి పరిచాను. ఉప్పు దులిపి తడిబట్టతో తుడిచాను. గొంతు దగ్గర కోత అంచు తెల్లగా, శుభ్రంగా ఉంది. వెనక తొడల దగ్గర, తోక మొదట్లో జంటలు జంటలుగా చిల్లులు. ప్రతి చిల్లు చుట్టూ అరచేయంత నల్లటి మచ్చ. మేడం మోకాళ్ళ మీద కూర్చుని చిల్లుకూ చిల్లుకూ మధ్య దూరం స్కేలుతో కొలిచి కాంపౌండరు చేత రాయించింది. ఐదింటి మీదా ఒకటే తీరు.

పటేలు వంగి మచ్చలు చూశాడు. కాట్లే అయితే తోడేలు పని అయి ఉంటుందన్నాడు. గుట్టల్లో తోడేళ్ళున్నాయని అందరికీ తెలుసన్నాడు.

"తోడేలైతే గొంతు పడ్తది పటేలా," అన్నాను. "ఒక్కదాన్ని పట్టి ఎత్తుకపోతది. ఐదింటిని కొరికి ఐదింటినీ ఇడ్సిపెట్టి పోదు. ఆకలైనది గట్ల చెయ్యదు. కడుపు నిండినయే గిట్ల ఆడ్తయి."

"నువ్వు తిన్నవా లేదా ఆ కూర?"

"తిన్న. పిడికెడు నల్ల నెత్తురు పారేసి, మిగిలింది తిన్న. అట్లనే తెలిసింది."

ఈదమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పటేలు గొంతు తగ్గించాడు. రిటైర్మెంటుకు ఇంకెన్ని నెలలున్నాయి నీకు అని అడిగాడు. జిల్లాలో తనకు తెలిసినవాళ్ళున్నారని, పింఛను కాగితాలు కదిలే ముందు బదిలీ కాగితం కదలవచ్చని చెప్పాడు.

"పద్నాలుగు నెలలు," అన్నాను. "యాడికి పంపిస్తవు? గద్వాల అవతలికా? ఆడ కూడ జీవాలుంటయి. వాటికీ తోలుంటది."

ఆయన మేడం వైపు చూశాడు. మేడం అప్పటికే రాస్తోంది. గొంతు కోతకు ముందే, బతికుండగానే, వెనక భాగాన కుక్క జాతి జంతువు కాట్లు పడ్డాయనీ, అవి తోడేలు పట్టే తీరులో లేవనీ రాసింది. కింద సంతకం, ముద్ర. ఒక కాపీ పంచాయతీకి, ఒకటి బాలయ్యకు. కరిచిన కుక్కలను పది రోజులు కట్టేసి ఉంచి, పిచ్చి లక్షణాలు వస్తాయేమో చూడాలన్నది మా దవాఖాన నియమం. అది వేరే కాగితం మీద రాసి పటేలు చేతికిచ్చి, అందినట్టు సంతకం పెట్టమంది. పెట్టకపోతే పెట్టలేదని రాసి నన్నూ కాంపౌండరునూ సాక్షులుగా వేస్తానంది. ఆయన పెన్ను తీసుకుని సంతకం పెట్టాడు.

తర్వాత మేడం నన్నూ బాలయ్యనూ నిలబెట్టి చివాట్లు పెట్టింది. కుక్క కరిచిన జీవాన్ని చేతుల్తో పట్టుకున్నందుకు ఇద్దరినీ మనుషుల దవాఖానకు పంపి టీకా వేయించింది. పోగులు కొన్న ఇళ్ళకు కూడా కబురు చేయించింది. మాధవ్ పటేలును ఎదిరించినప్పుడు నాకు వణుకు రాలేదు. సూది చూసినప్పుడు వచ్చింది.

ఆ పని నాకు నేర్పింది ఇంతే. చచ్చే జీవం మీద కత్తి పెట్టే ముందు దవాఖానకు కబురు చేయాలి. అంత సమయం లేకపోతే తోలు దాచాలి. కుక్క సంగతి దాచకూడదు. మనం పొద్దున అమ్ముకోవడానికి చెప్పిన అబద్ధమే సాయంత్రం ఎదుటివాడికి సాక్ష్యం అవుతుంది. తర్వాత పద్నాలుగు నెలలూ దవాఖానకు వచ్చిన ప్రతి కాపరికీ ఈ మూడు మాటలూ చెప్పాను. కొందరు విన్నారు.

మర్నాడు పొద్దున ఏడింటికి మేడం, కాంపౌండరు, నేను టీకా డబ్బా పట్టుకుని మామిడి తోటకు పోయాం. మోటారు షెడ్డు స్తంభాలకు మూడు కుక్కలూ గొలుసులతో కట్టి ఉన్నాయి. పటేలు లేడు. ఎవరు కట్టారని తోట కాపలా ఆయనను అడిగాను.

"పటేలే వచ్చి కట్టిండు అక్కా. తెల్లారకముందే."

నేను నవారుతో వాటి మూతులు కట్టి పట్టుకున్నాను. కాంపౌండరు టీకాలు వేశాడు. మేడం రిజిస్టరులో రాసింది. కంచె అవతల ఈదమ్మ మందను చెలకలోంచి బయటికి తోలుకుపోతోంది. కుక్కలు గొలుసు బిగిసేదాకా ఉరికి ఆగిపోయాయి. మంద ఆగలేదు. నేను గోనెసంచి తీసుకుని కొత్తకోట బస్సుకు పోయాను. సాయిబుకు ఐదు తోళ్ళూ లెక్క చూపి, నా కార్డు తీసుకున్నాను.