మూడు వేళ్ళ గుడ్డ

"డెబ్బై ఆరూ!"

ఆ కేక ఇంకా నా చెవిలోనే ఉంది. మొన్న సోమవారం మార్కాపురంలో డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. వరండాలో నన్ను బరువు మిషన్ ఎక్కించిన నర్సు, అంత దూరంలో చీటీలు రాస్తున్న ఇంకో అమ్మాయికి వినపడాలని, నా బరువును ఉల్లిపాయల వేలం పాట పాడినట్టు పాడింది. బెంచీల మీదున్న వాళ్ళందరూ తలలు తిప్పారు. అందులో మా వీధి ఆవిడ ఒకామె ఉంది. పక్కనామెతో నాకు వినపడేలాగే, "ఇప్పుడు డెబ్బై ఆరు. ఇంతకు ముందు ఎట్లుండేదో చూసుండాల్సింది ఈమెని. ఆపరేషన్ చేయించుకునింది" అంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నర్సు వైపు తిరిగి, "చీటీ మీద రాయమ్మా, అరవబాక. అంకెకు నోరుంటాది" అన్నాను. ఆ పిల్ల బిత్తరపోయింది. అన్నాక నాకే తెలిసింది, ఆ మాట నాది కాదని. గిద్దలూరు మస్తాన్‌బీ చిన్నమ్మది. ఆమె పోయి ఏడాది కావస్తోంది. నా నోట్లో మాత్రం ఇంకా బతికే ఉంది.

మస్తాన్‌బీ నాకు చుట్టం కాదు. గిద్దలూరు బజారులో మా నాయనకు కిరాణా దుకాణం ఉండేది. మా వెనక వీధిలో ఆమె ఆడవాళ్ళ బట్టలు కుట్టేది. అమ్మ ఆమెను "చెల్లీ" అనేది కాబట్టి నాకు చిన్నమ్మ. నేను మొదటిసారి ఆమె గడప తొక్కింది ఎనిమిదో తరగతిలో, ఏడుస్తూ. అంతకు ముందు రోజు బజారులో ఒక టైలరు నా స్కూలు యూనిఫాం కొలతలు తీస్తూ, నా నడుము ఎంతో వీధి అవతలి దాకా వినపడేలా చెప్పాడు. సోడా తాగుతున్నవాళ్ళు నవ్వారు. నాకు పదమూడేళ్ళు. ఆ అంకె ఏమిటో ఇప్పటికీ గుర్తుంది, కానీ ఇక్కడ రాయను.

చిన్నమ్మ దగ్గర టేపు లేదు. పాత చీరల అంచులు చింపి, పీలికలు చేసి పెట్టుకునేది. మనిషి చుట్టూ పీలిక తిప్పి, ఛాతీ కొలతకు ఒక ముడి, నడుముకు రెండు, చేతి పొడవుకు మూడు వేసేది. దాని చివర వాళ్ళ గుడ్డ ముక్క ఒకటి కట్టి గోడకున్న మేకులకు తగిలించేది. ఎవరి పీలిక ఏదో ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు. లెక్కలు రాక కాదు. ఐదో తరగతి చదివింది, అంకెలు రాయడం బాగా వచ్చు. ఆ రోజు నాకు ముడులు వేస్తుంటే అమ్మ ఊరుకోలేక, "ఎంతొచ్చింది చెల్లీ? పోయినేటి కంటే పెరిగిందా?" అని అడిగింది.

"అది నాకూ పీలికకూ మధ్య సంగతి అక్కా. అంకెకు నోరుంటాది, పీలికకు ఉండదు" అంది చిన్నమ్మ. తర్వాత నా గడ్డం పట్టుకుని, "ఏందిమే, ఎందుకేడుస్తావు? నీ ఒళ్ళు సక్కగానే ఉంది. మీ అమ్మ గుడ్డే తక్కువ తెచ్చింది" అంది. అమ్మ మొహం మాడ్చుకుంది. నేను ముక్కు చీదుకుంటూ నవ్వాను.

ఆమె దేవతేమీ కాదు, చెప్పాలి. వక్కాకు నములుతూ మిషన్ తొక్కేది, కోపమొస్తే కత్తెర పిడితో వేళ్ళ మీద కొట్టేది, పండగలకు ముందు ఎవరితోనూ సరిగా మాట్లాడేది కాదు. ఇంటర్ అయ్యాక ఆమె దగ్గర పని నేర్చుకోవడానికి చేరితే, మొదటి ఆరు నెలలూ కాజాలు కుట్టడం, గుండీలు వేయడం తప్ప ఇంకేమీ ఇవ్వలేదు. మొదటిసారి ఒక పెళ్ళికూతురి జాకెట్టు నాకిచ్చినప్పుడు, నా పనితనం చూపించాలని పక్క కుట్ల లోపల గుడ్డంతా కత్తిరించి నున్నగా తయారు చేశాను. చిన్నమ్మ దాన్ని తిరగేసి చూసింది. చూసి, నా కళ్ళ ముందే కుట్టు మొత్తం విప్పేసింది.

"లోపల విప్పుకునేదానికి మూడు వేళ్ళ గుడ్డ ఏదీ?"

"కనపడదు కదా చిన్నమ్మా, ఎందుకు దండగ?"

"కనపడదని కత్తిరిస్తావా? ఆడదాని ఒళ్ళు ఏడాదికో తీరుంటాది. బిడ్డ పడితే ఒక తీరు, పాలిస్తే ఒక తీరు, జొరమొస్తే ఒక తీరు. జాకెట్టు ఒంటి మాట వినాల. ఒళ్ళు జాకెట్టు మాట వినదు."

కొత్త గుడ్డ తెచ్చి నాతోనే మళ్ళీ కుట్టించింది. ఇరవై నాలుగేళ్ళకు నాకు పెళ్ళయింది. మార్కాపురం వచ్చి ఇంటి ముందు గదిలో చిన్న టైలరింగ్ దుకాణం పెట్టుకున్నాను. ఈ రోజుకీ నా గోడకు పీలికలే వేలాడతాయి.

ఇక అసలు సంగతి. పెళ్ళయిన నాలుగో ఏడు కడుపు నిలిచింది. ఆరో నెలలో బీపీ విపరీతంగా పెరిగి బిడ్డ పోయింది. నేనూ పోవాల్సినదాన్నే, ఎట్లాగో బయటపడ్డాను. అప్పుడు నా బరువు నూట పద్దెనిమిది. చూడండి, ఈ అంకె నేనే చెబుతున్నాను. నేను చెప్పడం వేరు, ఇంకొకరు అరవడం వేరు. ఆ తర్వాత రెండేళ్ళు నేను చేయని పని లేదు. కొర్రన్నం తిన్నాను, జొన్నరొట్టె తిన్నాను, పొద్దున్నే కాలేజీ గ్రౌండు చుట్టూ మోకాళ్ళు పట్టుకుపోయేదాకా నడిచాను. పది కిలోలు తగ్గేది, పన్నెండు పెరిగేది. నెలసరి ఎప్పుడొస్తుందో దానికే తెలియదు. షుగరు మొదలైంది. మా అత్తగారు చూసి చూసి, గుళ్ళో మొక్కుకుంది. నాకు బిడ్డ పుడితే తక్కెడలో నన్ను కూర్చోబెట్టి నా ఎత్తు బెల్లం తూచి ఇస్తానని. మొక్కిన దానికి పుణ్యమో పాపమో గానీ ఆ కబురు వీధంతా పాకింది. "బెల్లానికి లారీ మాట్లాడాల" అని ఒకాయన పెళ్ళి పందిట్లో అంటే నలుగురూ పగలబడి నవ్వారు. మా అత్తగారు కూడా నవ్వింది. బిడ్డను పోగొట్టుకున్నదాన్ని నేను, అదే పందిట్లో విస్తరి ముందు కూర్చుని ఉన్నాను.

గుంటూరులో పెద్ద డాక్టరు నా రిపోర్టులన్నీ చూసి, పొట్ట చిన్నది చేసే ఆపరేషన్ గురించి చెప్పాడు. గర్భసంచి జోలికే పోరని, ఆపరేషన్ అయ్యాక ఏడాదిన్నర దాకా మాత్రం గర్భం రాకుండా చూసుకోవాలని, రక్తం, విటమిన్లు కుదుటపడ్డాక నిశ్చింతగా ప్రయత్నించవచ్చని వివరంగా చెప్పాడు. మా ఆయన శ్రీనివాసులు పక్కనే కూర్చుని అంతా విన్నాడు. ఇంటికి రాగానే అంతా మరిచాడు. అత్తగారు, "ఏడాదిన్నర ఆగాలా? నీకిప్పుడు ముప్పై. ముందు ఒక బిడ్డను కను, తర్వాత కోయించుకుంటావో కుట్టించుకుంటావో నీ ఇష్టం. అయినా సగానికి సగం తగ్గిపోతే దేవుడి దగ్గర నా మాట ఏం గావాల?" అంది. నేను బరువు తగ్గితే దేవుడికి బెల్లం ఎగ్గొట్టినట్టట! ఆయనేమో తల వంచుకుని, "అమ్మ బాధపడతాంది" అన్నాడు. అమ్మ బాధ కనపడింది గానీ, రెండు మెట్లెక్కితే ఆయాసంతో గోడ పట్టుకునే పెళ్ళాం కనపడలేదు. చెప్పేవాడికి వినేవాడు లోకువ. వాళ్ళంతా చెప్పేవాళ్ళే, వినేదాన్ని నేనొక్కదాన్నే.

రైలెక్కి గిద్దలూరు పోయాను. అమ్మ దగ్గరికి కాదు, చిన్నమ్మ దగ్గరికి. ఆమె ఒక్కతే నన్ను అర్థం చేసుకుంటుందని అంత నమ్మకం. అప్పటికే ఆమెకు కళ్ళు మసకబారాయి, సూదిలో దారం ఎక్కించలేకపోతోంది. దారం ఎక్కించి ఇస్తూ సంగతంతా చెప్పాను. ఆమె మిషన్ ఆపకుండానే, "ఒక బిడ్డను కనేసి చేయించుకోరాదా తల్లీ? పెద్దామె చెప్పినదాంట్లో తప్పేముంది?" అంది.

గోరుచుట్టు మీద రోకటి పోటు అంటారే, అదే. "నువ్వు కూడానా చిన్నమ్మా?" అన్నాను. "పోయినసారి నేను చచ్చి బతికింది నీకు తెలియదా? ఈ ఒంటితో మళ్ళీ కడుపొస్తే ఏమయితాదో ఎవరైనా అడిగినారా? అందరికీ బిడ్డే కావాల. నేను? నా మోకాళ్ళు, నా ఊపిరి? నేను బతికుండాలని నాకు ఉండకూడదా? బిడ్డ పుట్టినా పుట్టకపోయినా ఈ ఒంట్లో ఉండాల్సింది నేను!" ఆమె పోసిన టీ అట్లాగే వదిలేసి లేచి వచ్చేశాను. కంభం దాటేదాకా రైల్లో ఏడుస్తూనే ఉన్నాను. పదమూడేళ్ళప్పుడు ఏ గడపలో నా ఏడుపు ఆగిందో, ఇప్పుడు ఆ గడపలోంచే ఏడుస్తూ బయటికి వచ్చాను.

నాలుగో రోజు పొద్దున చిన్నమ్మ మా ఇంటి ముందు బస్సు దిగివచ్చింది. ఆ కళ్ళతో, ఒక్కతే. చేతిలో గుడ్డ సంచి. లోపలికి వచ్చి కూర్చుని, మా అత్తగారు ఇచ్చిన నీళ్ళు తాగి, సంచి విప్పి పీలికలు బయటికి తీసింది. అన్నీ నావే. ఎనిమిదో తరగతి నుంచి పెళ్ళి దాకా, ఒక్కొక్క దాని చివరా నా గుడ్డ ముక్క. యూనిఫాం నీలం, ఓణీ పసుపు, పెళ్ళి ఎరుపు.

"వాసవీ, మొన్న తొందరపడినా" అంది, అందరి ముందూ. "కొలత తీసుకోకుండానే కత్తెర పెట్టినా. నాది తప్పు." ఆ మనిషి తప్పు ఒప్పుకోవడం నేను అంతకు ముందు చూడలేదు. తర్వాత మా అత్తగారి వైపు తిరిగింది. "వదినా, ఈ పిల్ల ఒళ్ళు పదిహేడేళ్ళుగా నా చేతుల్లో పెరిగింది. ఎప్పుడు తిండి మానేసిందో, ఎప్పుడు ఏడ్చి లావయిందో ఈ ముడులు చెప్తాయి. ఈ పిల్ల సోమరిపోతు కాదు. డాక్టరు చేయించుకోమన్నాడు, పిల్ల చేయించుకుంటానంటాంది. మధ్యలో మనమెవరం?"

"మరి నా మొక్కు?" అంది అత్తగారు.

"మొక్కు నీది వదినా. బరువు ఆమెది. నీ మొక్కు తీర్చేదానికి ఆమె మోయాల్నా?"

గుమ్మంలో నిలబడ్డ శ్రీనివాసులు అప్పుడన్నాడు, "అమ్మా, గుంటూరుకు నేను తోడుపోతా" అని. ఆ ముక్క ఏదో నాలుగు రోజుల ముందే అనుంటే ఆ ముసలామెకు బస్సు ప్రయాణం తప్పేది. అదీ నేను ఆయనకు చెప్పాను, ఊరుకోలేదు.

ఆపరేషన్ అయింది. ఇప్పుడు ఇంకో రకం మాటలు మొదలయ్యాయి. "మొహం పీక్కుపోయింది", "కష్టపడకుండా తగ్గింది" అని. కష్టపడకుండానట! వారాల తరబడి చెంచాలతో పప్పుకట్టు తాగితే తెలుస్తుంది. దువ్వెన నిండా జుట్టు ఊడొస్తుంటే తెలుస్తుంది. ఒకసారి ప్రసాదమని ఇంత బెల్లం నోట్లో వేసుకుంటే, కోసిన పొట్ట తీపికి తట్టుకోలేక గుండె దడదడలాడి చెమటలు కారి గంటసేపు లేవలేకపోయాను. ఇన్ని మాత్రలు రోజూ, బతికినన్నాళ్ళూ. ఇది దొంగదారి అనేవాళ్ళు ఒక్క వారం ఈ దారిన నడిచి చూడండి, తర్వాత మాట్లాడదాం.

జాకెట్లన్నీ వదులైపోతే చిన్నమ్మ దగ్గరికే తీసుకెళ్ళాను. కళ్ళు కనపడవు కాబట్టి నాతోనే కుట్లు లోపలికి వేయించి, వేళ్ళతో తడిమి చూసింది. మిగిలిన గుడ్డకు నేను కత్తెర పెట్టబోతే చేయి పట్టుకుంది. "కత్తిరించబాక. బిడ్డ వస్తే విప్పుకుంటావు. రాకపోతే ఉండనీ, నీ ఒళ్ళు నీ ఇష్టం" అంది. అదే ఆఖరు. రెండు నెలలకు పోయింది. వాళ్ళమ్మాయి నా పీలికల సంచి నాకిచ్చింది.

సోమవారం డాక్టరమ్మ రిపోర్టులన్నీ చూసి, రక్తం బాగుందని, బీపీ, షుగరు అదుపులో ఉన్నాయని, ఇక ప్రయత్నించవచ్చని చెప్పింది. ఇంటికొచ్చి ఆ మాట చెప్పగానే అత్తగారు దేవుడి పటానికి దండం పెట్టి, "ఇప్పుడు బెల్లం తక్కువే పడతాదిలే" అంది, వేళాకోళంగానే. నాకు నవ్వు రాలేదు. "అత్తయ్యా, బెల్లం మీరు ఎంతైనా ఇచ్చుకోండి. బిడ్డ పుట్టినా సరే, ఆ తక్కెడలో నేను కూర్చోను" అన్నాను. ఆమె లేచి వంటింట్లోకి పోయింది. గిన్నెల చప్పుడు కాసేపు గట్టిగా వినపడింది.

నిన్న నాకోసం ఒక జాకెట్టు కుట్టుకున్నాను. చాలా రోజుల తర్వాత కొత్త పీలిక తీసుకుని నా చుట్టూ నేనే తిప్పుకుని ముడులు వేసుకున్నాను. అత్తగారు వచ్చి, తిరగేసి ఉన్న జాకెట్టు చేతిలోకి తీసుకుని, "లోపల ఇంత గుడ్డ వదిలినావు. ఏమన్నా విశేషమా?" అని ఆశగా అడిగింది.

"అది నాకూ పీలికకూ మధ్య సంగతి అత్తయ్యా" అని జాకెట్టు తీసుకుని మిషన్ తొక్కాను.