బయట వేసిన బీగం

పనికి పోతూ విజయ్ కుమార్ వాకిలి బయట పైదాకా ఉన్న ఇనుప కమ్ముల గేటుకు బీగం వేసి పోవడం అమలకు మొదట్లో తప్పుగా తోచలేదు. మస్కట్‌కు వచ్చిన కొత్తలో ఆ బీగం ఉంటేనే ఆమెకు ధైర్యంగా ఉండేది.

బంగారుపాళ్యం మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో అతను బాయిలర్ దగ్గర, ఆమె కాయలు కోసే బల్ల దగ్గర పని చేసేవాళ్ళు. అక్కడే ఒకరినొకరు ఇష్టపడి పెళ్ళి చేసుకున్నారు. మామిడికాయల కాలం అయిపోతే అక్కడ పనుండదు. ఏడాది పొడుగునా నడిచే పని మస్కట్ శివార్లలో ఒక జ్యూస్ ఫ్యాక్టరీలో దొరికిందని విజయ్ కుమార్ ముందు వెళ్ళాడు. ఆ తర్వాత భార్యనూ, నాలుగేళ్ళ కూతురు నవీననూ పిలిపించుకున్నాడు.

ఇల్లు పాతది. కింద రెండు వాటాలు, పైన ఖాళీ మిద్దె. వెనక ఎండిపోయిన వాగు. దాంట్లో సాయంత్రాలు పిల్లలు బంతి ఆడేవాళ్ళు. పక్క వాటాలో పెషావర్ వైపు నుంచి వచ్చిన తాపీ మేస్త్రీలు కొందరు ఉండేవాళ్ళు. గడ్డాలు, పొడుగాటి చొక్కాలు, గట్టి గొంతులు.

"వాళ్ళు ఎట్లాంటోళ్ళో మనకు తెల్దు. నేను లేనప్పుడు గేటు దగ్గిర నిలబడొద్దు," అన్నాడు విజయ్ కుమార్.

అమల నిలబడేది కాదు. నవీన మాత్రం గేటు కమ్ములు పట్టుకుని రోజంతా బయటికే చూసేది. మేస్త్రీల్లో పెద్దవాడు జమాన్ పనినుంచి వస్తూ కమ్ముల సందులోంచి ఒక ఖర్జూరమో, రొట్టెముక్కో ఇచ్చేవాడు. తనను 'చాచా', అంటే చిన్నాయన, అని పిలవడం నేర్పాడు. ఒకరోజు అది విజయ్ కుమార్ కళ్ళబడింది. పిల్ల చేతిలోని రొట్టె లాక్కుని పారేశాడు. నవీన ఏడ్చింది.

బీగానికి ఒకటే తాళంచెవి. అది అతని జేబులో ఉండేది.

"ఇంకో చెవి చేపించు మామా. పిల్లకి జొరమొచ్చినా నీకోసం కాసుకోనుండాల్నా?"

"సరేలేమే, చేపిస్తా."

చేయించలేదు. మళ్ళీ అడిగితే, "బయట నీకేం పనుండాది?" అన్నాడు. అప్పటినుంచి గేటుకు బీగం పడిన చప్పుడు వింటే అమలకు ఊపిరాడనట్టు ఉండేది.

రెండువేల ఏడు జూన్‌లో తుఫాను వస్తుందన్నారు. తుఫాను తాకే రోజు పొద్దున ఫ్యాక్టరీవాళ్ళు ఫోన్ చేసి, బాయిలర్ ఆపి సరుకు కప్పిపెట్టి పొమ్మన్నారు.

"ఈ పొద్దు పోవద్దు మామా," అంది అమల.

"బిన్నా వచ్చేస్తా, ఒక గంటలో." అలవాటుగా బీగం వేశాడు. గాలికి గొడుగు తిరగబడితే అక్కడే పారేసి పరిగెత్తాడు.

కాసేపటికి కరెంటు పోయింది. ఫోన్లో సిగ్నల్ పోయింది. ముందు బాత్రూమ్ తూములోంచి ఎర్రటి నీళ్ళు బుడబుడమని పైకొచ్చాయి. అమల గుడ్డలు కుక్కింది. ఈలోగా వాకిలి కిందినుంచి వచ్చాయి. వెనక వాగు పొంగిందని ఆమెకు తెలియదు. బోరునీళ్ళ కోసం బిందెలు వరసపెట్టిన ఊళ్ళో పుట్టిన మనిషి, నీళ్ళు ఇంట్లోకి తరుముకొస్తాయని ఎప్పుడూ అనుకోలేదు.

నవీనను వంటగట్టు మీద నిలబెట్టి, తలుపు లాగింది. నీళ్ళు భళ్ళున లోపలికొచ్చాయి. ఎదురుగా గేటు, దానికి బీగం. కిటికీలకు చువ్వలు. కమ్ములు పట్టుకుని ఊపింది. చపాతీ కర్రతో బాదింది. "ఎవురన్నా రాండప్పా! పిల్లుండాది!" అని గొంతు చించుకుని అరిచింది. గాలి ఆ అరుపును ఎటో ఎత్తుకుపోయింది. మేస్త్రీలు మూటలు నెత్తిన పెట్టుకుని మిద్దెమెట్లు ఎక్కుతున్నారు. ఒక్కడూ ఇటు తిరగలేదు.

నీళ్ళు మోకాళ్ళు దాటాయి. ఫ్రిజ్ పక్కకి ఒరిగిపోయింది. అమల పిల్లను చంకనేసుకుని మళ్ళీ గేటు దగ్గరికొచ్చింది. నవీన కమ్ముల్లోంచి చెయ్యి చాపి కీచుమని అరిచింది.

"చాచా! చాచా!"

జమాన్ తిరిగి చూశాడు. మూట విసిరేసి నడుంలోతు నీళ్ళలో దిగొచ్చాడు. బీగం పట్టుకుని గుంజాడు. రాలేదు. చేత్తో తాళంచెవి తిప్పినట్టు చూపిస్తూ ఏదో అడిగాడు. అమల లేదని తల ఊపింది. అతను నమ్మలేనట్టు ఆమె ముఖంలోకి చూసి వెనక్కి వెళ్ళిపోయాడు.

వెళ్ళిపోయాడనే అనుకుంది అమల. పిల్లను గుండెకు అదుముకుంది.

జమాన్ గడ్డపారతో తిరిగొచ్చాడు, వెంట ఇంకొకడు. బీగాన్ని వదిలేసి, గేటు గోడలోకి దిగిన చోట పొడిచారు. పెళ్ళలు ఊడాయి. ఇద్దరూ కలిసి గుంజితే గేటు ఒక పక్క ఊడి వాలింది. జమాన్ నవీనను భుజాల మీదికి ఎక్కించుకుని, అమలను ముందు నడవమన్నాడు.

ఆ రాత్రంతా మిద్దె మీద నీలం పట్టా కింద వాళ్ళ మధ్యనే గడిచింది. తడిసిన రొట్టె పంచుకున్నారు. తెల్లారాక వాన తగ్గింది. ఎండెక్కాక, రోడ్డు కొట్టుకుపోతే చుట్టూ తిరిగి, విజయ్ కుమార్ వచ్చాడు. ఒళ్ళంతా బురద, కాళ్ళకు చెప్పుల్లేవు. వాలిన గేటు దాటి లోపలికి దూరాడు. "అమలా! నవీనా!" అని అతను ఇంట్లో అరుస్తుంటే పైన అమలకు వినిపిస్తూనే ఉంది. వెంటనే పలకలేదు. పలకాలనిపించలేదు.

నవీన పిట్టగోడ దగ్గరికి పోయి, "నాయనా, ఈడుండాం!" అంది.

అతను బయటికొచ్చి తలెత్తి చూసి, ఆ బురదలోనే కూలబడ్డాడు. జమాన్ కిందికి దిగి లేవనెత్తబోతే, విజయ్ కుమార్ అతని రెండు చేతులూ పట్టుకుని వదల్లేదు.

నెల తిరక్కుండా విజయ్ కుమార్ రెండో అంతస్తులో ఇల్లు చూశాడు. సామాన్లు సర్దుతుంటే అమల అతని ఎదుటికొచ్చి నిలబడింది.

"ఆడ బయట బీగమేస్తే నేను రాను. పిల్లని తీసుకోని ఊరికి పోతా."

"మీకేమన్నా అయితాదని బయపడి చేసినానే."

"బయం నీది. నీళ్ళల్లో నిలబడింది మేము."

అతను తల దించుకున్నాడు. "ఇంకెప్పుడూ వెయ్యను," అన్నాడు. అమల మళ్ళీ గిన్నెలు మూటలో సర్దసాగింది.

కొత్తింటికి మారాక అమల మొదటిసారి ఒక్కతే అంగడికి వెళ్ళింది. తిరిగొచ్చేటప్పుడు సందు తప్పి, అన్నీ ఒకేలా ఉన్న ఇళ్ళ మధ్య తిరిగి తిరిగి, వచ్చీరాని హిందీలో దారి అడుగుతూ ఇల్లు చేరింది. సెలవురోజు కావడంతో విజయ్ కుమార్ నవీనను ఎత్తుకుని కింద మెట్ల మీదే ఉన్నాడు. చొక్కా చెమటకు తడిసిపోయింది. ఏదో గట్టిగా అనబోయి, ఆమె చేతిసంచిలో ఉల్లిపాయలు చూసి ఆగిపోయాడు.

"ఎర్రగడ్డలు యాడ దొరికినాయి?" అన్నాడు.

"మసీదు పక్కన. రేపు నువ్వూ రా, సూపిస్తా," అని అమల ముందు మెట్లెక్కింది.