మాస్టారు చూడని పుస్తకం

మా అమ్మాయికి హైస్కూల్లో సైన్సు చెప్పిన మాస్టారు మొన్న మంగళవారం పొద్దున పోయారు. కబురు తెచ్చింది వారి తమ్ముడు. అప్పుడు నేను కొట్లో, వచ్చినవారినల్లా కూర్చోబెట్టి మా అమ్మాయి ఎం.టెక్. పాసైన సంగతి చెబుతున్నాను.

నాది ఏడో తరగతి చదువు. మామిడికాయల వ్యాపారం తప్ప మరొకటి తెలియదు. పదో తరగతితో అమ్మాయిని మాన్పించేస్తానన్నప్పుడు మాస్టారు కొట్టు ముందుకొచ్చి నిలబడ్డారు.

"ఏమయ్యా, కాయని చూసి రెడ్డిగూడెంలో ఏ తోటదో చెబుతావే, ఇంట్లో పిల్ల ఏంటో తెలియలేదా నీకు?"

అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది. ఇవాళ ఆ మాటకు దణ్ణం పెడుతున్నాను.

ఒకసారి క్లాసులో పట్టపగలే లాంతరు వెలిగించి, మసిపట్టిన గాజు చిమ్నీ చూపించారట. "మసి కనపడుతుంది గనక తుడుస్తాం. కనపడకుండా పోయే గాలి సంగతేంటర్రా?" అన్నారట. మా తల్లి ఆ ప్రశ్నను వదల్లేదు. థర్మల్ స్టేషన్లో తక్కువ బొగ్గుతో అంతే కరెంటు తీసి, గొట్టంలోంచి పోయే బొగ్గుపులుసు గాలిని తగ్గించడం మీదే పరిశోధన చేసింది.

"కరెంటే సరిగా రాదు, దాని పొగ మీద చదువేంటండీ!" అని మా బావమరిది వెక్కిరించాడు.

"నీళ్లు తక్కువున్నాయని బావిలో చెత్త పోసుకుంటావా?" అన్నారు మాస్టారు.

మాస్టారు పోయే ముందు గురువారం ఆ పరిశోధన పుస్తకం అచ్చై, బైండై వచ్చింది. మొదటి పేజీలో 'లాంతరు వెలిగించిన మా మాస్టారికి' అని రాసుకుంది. నేను ఎగిరి గంతేశాను.

"ఇవాళే ఇచ్చొద్దాం నాన్నా" అంది.

ఆపింది నేనే. ఉత్త చేతులతో వెళ్లడమేంటన్నాను. మాస్టారికి చిన్నరసాలంటే ప్రాణం. మంచి కాయలు ఏరి గడ్డిలో మగ్గేశాను. మంచాన పడ్డారని తెలుసు. పండు వాసనకే లేచి కూర్చుంటారనుకున్నాను. పైగా చదువు మాన్పించొద్దని ఆనాడు వారు నాకు చెప్పిన మాటే పిల్లకు అప్పజెప్పాను: "మగ్గకుండా కోస్తే పులుపేనమ్మా."

"పిల్ల పుస్తకం వచ్చిందా అని రోజూ అడిగారండీ" అన్నాడు కబురు తెచ్చిన తమ్ముడు. పక్క వీధేనండీ వారిల్లు.

దహనానికి వెళ్లొచ్చి కాయలు మగ్గేసిన గది తలుపు తీశాను. ఇల్లంతా వాసన. గడ్డి తీస్తే ఒక్క కాయ దోరగా లేదు, అన్నీ పండిపోయాయి. పక్కన గోనెపట్టా మీద పుస్తకం, కొత్త అట్ట మీద ఒక గడ్డిపోచ.