పాతరలోకి కడవ నీళ్లు

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో, పత్తికొండ దగ్గర మా ఊళ్లో, నిక్షేపంగా ఉన్న మనిషిని బతికించబోయి ఇంటిల్లిపాది తిండినీ ముంచబోయాను. ఎలాగో చెబుతాను, నవ్వుకోండి. నాకు తగిన శాస్తే.

వానల్లేని ఏడు. ఇంట్లో గింజలు అయిపోయి, దాచిన జొన్నల పాతర తెరిచాం. పాతరంటే భూమిలో తవ్విన గొయ్యి. మూతి మనిషి పట్టేంత, కడుపు గదంత. ముందురోజే మూత తీసి చెడుగాలి పోనిచ్చాం. దించిన దీపం ఆరలేదు. మా సేద్యగాడు మద్దిలేటన్న లోపలికి దిగాడు. అతను బుట్ట నింపి కేకేసి తాడు కదపాలి, నేను పైకి లాగాలి. అంతే పని.

ఆ పొద్దున చెవిపోటని ఏడిస్తే అమ్మ నూనె పోసి రెండు చెవుల్లో దూది కుక్కింది. పత్తి పండే ఊరు కదా, పిసినారితనం చూపలేదు. దుమ్ముకని పైన తలగుడ్డ బిగించాను. ఈ దూది సంగతి మీరు గుర్తుంచుకోండి. నేను మరిచిపోయాను.

"మద్దిలేటన్నా, నిండిందా?"

జవాబు లేదు. "నిండిందప్పా, లాగు" అన్నాడని తర్వాత తెలిసింది.

"పలకవేమన్నా? బాగుండావా?"

"నాకేమాయ? బాగుండా. నువ్వు లాగప్పా" అన్నాడట.

తాడు గిలగిలా ఊగింది. ప్రాణం కొట్టుకుంటోందనుకున్నాను. నా కేకలకు అమ్మ పరుగున వచ్చింది. నోరు ఆడుతోంది, మాట రావడం లేదు. భయానికి ఈమెకూ గొంతు పడిపోయిందనుకున్నాను. స్పృహ తప్పినవాడి మొహాన నీళ్లు చల్లాలి కదా. దాహానికి తెచ్చుకున్న కడవ ఎత్తి పాతరలోకి గుమ్మరించాను.

అమ్మ నా తలగుడ్డ లాగి, దూది పీకింది. లోకమంతా ఒక్కసారిగా అరిచింది.

"గింజలు తడుపుతాండావు కదరా, ఈ కరువులో మన్ను తింటామా?"

తడి తగిలితే పాతరంతా బూజు పడుతుంది. ఇరుగుపొరుగు వచ్చి, పొద్దుగూకేలోగా జొన్నలన్నీ తోడి కళ్లంలో ఆరబోశారు. తడిసిన కాకిలా పైకొచ్చిన మద్దిలేటన్న తిడతాడనుకున్నాను. నా భుజం తడిమాడు.

"ఎంత సెప్పినా ఇనకుండా అరుస్తానే ఉండావు. ఎండ తలకెక్కిందేమోనని శానా దిగులు పడినానప్పా. ఎక్కొచ్చి నీ మొగాన నీళ్లు సల్లాలనుకుంటాంటి."

జొన్నలు దక్కాయి. వాసన పట్టిన కాసిని మాత్రం అమ్మ విడిగా ఉంచి, వాటి సంగటి నాకొక్కడికే పెట్టింది.

ఆ సంగటి ముద్ద చేతిలో పెట్టుకునే ఒట్టు వేశాను. ఎవరైనా పలకకపోతే ముందు నా చెవులు తడిమి చూసుకుంటాను. కడవ జోలికి ఆ తర్వాతే పోతాను.