ఆమె వద్దన్న అర్జీ

ప్రొద్దుటూరులో మా టైలరింగ్ అంగడి వెనక గదిలోకి, బర్మా నుంచి పారిపోయి వచ్చిన కుటుంబం ఒకటి అద్దెకు దిగింది. మొగుడు, పెండ్లాం, ఎనిమిదేళ్ల కూతురు. అక్కడ వాళ్ల ఊరు తగలబెట్టారట. కొన్నేళ్లు హైదరాబాదులో ఉండి, పని వెతుక్కుంటూ ఇటు వచ్చారు. ఆయన పాత ఇనుము కొనేవాడు. ఆమె మా అంగడిలో జాకెట్లకు హుక్కులు కుట్టేది. శరణార్థులని రాసిన కార్డులు తప్ప వాళ్ల దగ్గర ఇంకే కాగితమూ లేదు.

ఆ పిల్ల గడపలో కూర్చుని బడికి పోయే పిల్లల్నే చూసేది. ఒకరోజు నేనే బడికి తీసుకుపోయాను. ఆధార్ లేకుండా పేరు రాసుకోవడం తన చేతుల్లో లేదని హెడ్మాస్టరు మెత్తగానే చెప్పాడు. నాకు రోషం వచ్చింది. ఉర్దూ తెలిసిన పక్కింటి ముస్లిం ఆవిడ ఆపా, అంగడికి వచ్చే ఒక రిటైర్డు టీచరమ్మ, ఇంకా పదిమంది ఆడవాళ్లం కూడబలుక్కున్నాం. పిల్లను బడిలో చేర్చుకోవాలని, ఆ కుటుంబాన్ని అందరిలాగే చూడాలని టీచరమ్మ అర్జీ రాసింది.

అది చదివి, ఆపా ఉర్దూలో వివరిస్తే పిల్ల తల్లి ముఖం పాలిపోయింది. ఆమెకు అప్పట్లో తెలుగు అంతంతమాత్రం. ఉర్దూలో గబగబా ఏదో అంది.

"వద్దంటాందక్కా," అని ఆపా నాకు చెప్పింది. "పేరు కాగితానికెక్కితే, వాళ్లు యాడుండేది అందరికీ తెలిసిపోతాదంట."

"ఇంతమందిమి ఉండాం గదా, ఏం కాదని చెప్పు," అన్నాను.

ఆమె మళ్లీ మాట్లాడలేదు. ఒప్పుకుందనుకున్నాను.

జమ్మలమడుగు బస్సెక్కి, ఆర్డీవో ఆఫీసులో అర్జీ ఇచ్చాం. అధికారి కూర్చోబెట్టి విన్నాడు. కొన్నాళ్లకే పిల్లను చేర్చుకొమ్మని బడికి కాగితం వచ్చింది. మిఠాయి పంచుకున్నాం. ఆ వారంలోనే ఇద్దరు పోలీసులు వచ్చారు. కసరలేదు, తిట్టలేదు. అర్జీ నకలు తమకూ వచ్చిందని, ఇకమీదట ప్రతి సోమవారం పిల్ల తండ్రి స్టేషనుకొచ్చి సంతకం పెట్టాలని చెప్పి పోయారు. అది విని ఇంటి యజమాని గది ఖాళీ చేయమన్నాడు. మేమంతా పోయి బతిమాలితే గానీ తగ్గలేదు.

పిల్ల తండ్రి నన్ను ఒక్క మాట అనలేదు. ఆమె మాత్రం అంగడికి రావడం మానేసింది. ఎదురుపడితే తల తిప్పుకునేది. పిల్లేమో రోజూ సాయంత్రం వచ్చి నా ముందు గుణింతాలు చదివేది. ఆ గొంతు వింటే మంచిపనే చేశామనిపించేది. సోమవారం పొద్దున ఆయన పని మానుకుని స్టేషను వైపు పోవడం చూస్తే, చేసిందేమిటో నాకే అర్థమయ్యేది కాదు.

మొన్న కొత్త జంట ఒకటి అంగడికి వచ్చింది. వాళ్లదీ బర్మానే. ఆమెకు నెలలు నిండుతున్నాయి. ఆసుపత్రిలో కాగితాలు అడిగారట, తమకూ ఒక అర్జీ రాయించిమ్మని వచ్చీరాని తెలుగులో నన్నడిగారు. నా దగ్గరికి ఎవరు పంపారని అడిగితే వెనక గది చూపించారు.

నాకు ఏమీ పాలుపోక ఆ గదికి పోయాను. పిల్ల తల్లి బియ్యం ఏరుతోంది. వాళ్లకు అర్జీ రాయించమంటావా, వద్దంటావా అని అడిగాను.

"నన్ను కాదక్కా. వాళ్లను అడుగు," అంది, తెలుగులో.

వచ్చి వాళ్లను కూర్చోబెట్టి, ఆపాను పిలిపించి అడిగాను. రాస్తే ఏమేం జరగొచ్చో దాచకుండా చెప్పాను. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆలోచించుకుని రేపు వస్తామని లేచి బయల్దేరారు. రావాలని కోరుకోవాలో, వద్దనుకోవాలో తెలియక కత్తెర పట్టుకుని అలాగే కూర్చున్నాను.