కాలీఫ్లవర్ కట్లు విప్పిన అల్లుడు

ఆ రోజుల్లో డిగ్రీ చదివినవాడికి తెలియని సంగతంటూ భూమ్మీద ఉండేది కాదు. ముఖ్యంగా నాకు. బాటనీలో యూనివర్సిటీ ఫస్టునని చెప్పుకుని కంకిపాడు అల్లుణ్ణయ్యాను (సరే, రెండోసారి రాస్తే గట్టెక్కాను. ఈ వయసులో దాచి ఏం లాభం?). పెళ్లయిన తొలి చలికాలంలోనే మా మరదలి పెళ్లి కుదిరింది. మావయ్యగారు పదెకరాల్లో కాలీఫ్లవర్ వేశారు. అబద్ధం, పది సెంట్లే. పంతం మాత్రం పదెకరాలంత. సొంత దొడ్లో పండిన తెల్లటి పువ్వులతో మగపెళ్లివారికి వేపుడు వడ్డిస్తానని చల్లపల్లి వెళ్లి మరీ వియ్యంకుడికి మాటిచ్చొచ్చారు.

పెళ్లి వారంలోకి వచ్చింది. మావయ్యగారు శుభలేఖలు పంచడానికి బయల్దేరుతూ, "అల్లుడుగారూ, నాలుగు రోజులు తోట మీ చేతుల్లో పెడుతున్నా. కట్లు ఊడకుండా చూడండి, చాలు" అన్నారు. వెళ్లి చూద్దును కదా, ప్రతి పువ్వునీ దాని ఆకులతోనే కప్పేసి, పైన అరటినారతో ముడేసి ఉంది. నాకు నవ్వాగలేదు. "అత్తయ్యగారూ, క్యాబేజీ, కాలీఫ్లవర్ ఒకే కుటుంబమండీ. ముల్లంగి, ఆవాలు కూడా వీటి చుట్టాలే. క్యాబేజీకి ఎవరైనా కట్లు కడతారా? మరి దాని తోబుట్టువుకెందుకీ శిక్ష? వెలుతురు తగలాలి!" అని ఉపన్యాసమిచ్చి, ఆవిడ వద్దంటున్నా వినకుండా వెయ్యి ముడులు విప్పేశాను (రెండొందలుంటాయేమో. నడుం మాత్రం వెయ్యింటికీ నొప్పెట్టింది).

మూడో రోజుకల్లా పువ్వులన్నీ నలుగు పెట్టిన పెళ్లికూతుళ్లలా పసుపెక్కి కూర్చున్నాయి. విజయవాడ బస్సెక్కి పారిపోదామని చెప్పులు వేసుకుంటుంటే అత్తయ్యగారు గుమ్మంలో ఎదురయ్యారు.

"క్యాబేజీ తన ఆకులు తనే ముడుచుకుంటుంది బాబూ. దీనికి ఎండ తగలకుండా మనం కప్పాలి. ఒక కడుపున పుడితే మాత్రం ఒకే తీరుగా ఉంటారా? మా ఇద్దరమ్మాయిల్నీ చూళ్లేదూ?" (పెద్దమ్మాయి నా భార్య. నేను మాట మార్చాను.)

"మావయ్యగారికేం చెప్పనండీ?"

"మీరేం చెప్పకండి. ఇప్పటికే చాలా చెప్పారు."

మావయ్యగారు ఊరినుంచి రాగానే తోట చూసి గట్టుమీదే కూలబడ్డారు. "ఎవరు విప్పారే?"

"నేనే" అన్నారు అత్తయ్యగారు. "వేపుడేం బావుంటుంది, పకోడీలేయిద్దామని. శనగపిండి కింద ఏ రంగైతేనేం?"

"వియ్యంకుడి దగ్గర నా మాట తీసేశావు కదే!" అంటూ ఆయన వాకిట్లో పదిమందీ వినేలా చివాట్లు పెడుతుంటే ఆవిడ తలొంచుకుని నిలబడ్డారు. నేను స్తంభం వెనక నిలబడ్డాను. ఇందులో మాత్రం అతిశయోక్తి లేదు.

పెళ్లిలో వియ్యంకుడుగారు పకోడీలు మూడుసార్లు అడిగి వేయించుకున్నారు. మావయ్యగారి మొహం అప్పుడు తేటపడింది. "తోటంతా మా పెద్దల్లుడుగారే చూశారండీ. బాటనీ!" అన్నారు గర్వంగా. నేను వినయంగా నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది. అత్తయ్యగారు మాత్రం నా విస్తట్లో ఇంకో రెండు వేసి, "తినండి బాబూ, చల్లారిపోతాయి" అన్నారు, అంతే. ఆవిడ బతికున్నన్నాళ్లూ ఆ మాట మళ్లీ ఎత్తలేదు. ఎత్తి ఉంటే ఒక్కసారైనా దణ్ణం పెట్టి ఉండేవాణ్ణి. అంత చదువుకున్నా, తనంతట తానుగా దణ్ణం పెట్టడం ఆ కుర్రాడికి తెలియలేదు మరి.